పచ్చిక అంచున పొంచి ఉండే పిడుదు: శివారు కాలనీల్లో ఏ జాగ్రత్త పనిచేస్తుంది, ఏది చేయదు

పిడుదులు ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చడానికి పరిశోధకులు వాడే పనిముట్టు చాలా సాదాసీదాగా ఉంటుంది. చదరపు మీటరంత తెల్లని మందపాటి గుడ్డకు ఒక అంచున కర్ర కుట్టి, ఆ కర్రకు తాడు కట్టి, చెట్ల మొదళ్ల దగ్గర రాలిన ఆకుల మీదుగా దాన్ని నెమ్మదిగా ఈడ్చుకుంటూ పోతారు. కొన్ని అడుగులకొకసారి ఆగి గుడ్డను తిరగేసి చూస్తారు. గసగసాల గింజంత నల్లటి చుక్క ఒకటి నూలుపోగుల మధ్య మెల్లగా కదులుతూ కనిపిస్తే అది నింఫ్ దశలో, అంటే ఇంకా పూర్తిగా ఎదగని దశలో ఉన్న పిడుదు. నువ్వుగింజంత ఉండి వెనక భాగం ఇటుక రంగులో ఉంటే అది ఎదిగిన ఆడ పిడుదు. అదే గుడ్డను పెరటి మధ్యలో, ఎండ పడే పొట్టి పచ్చిక మీద లాగితే చాలాసార్లు ఏమీ దొరకదు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల శివారు కాలనీల్లో కాటుతో లైమ్ వ్యాధిని అంటించే పిడుదుల సమస్యను అర్థం చేసుకోవడానికి ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి. కాలనీవాసులు ఖర్చుపెట్టే డబ్బులో పెద్ద భాగం పచ్చిక మీదకు పోతుండగా పిడుదులు మాత్రం వేరేచోట ఉంటున్నాయి.

ఈ సంగతి ముప్ఫై ఏళ్లకు పైగా తెలిసిందే. న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌చెస్టర్ కౌంటీలో ఇళ్ల స్థలాలను భాగాలుగా విడదీసి లెక్కించినప్పుడు దొరికిన పిడుదుల్లో 67 శాతం చెట్లగుంపుల్లోనూ, 22 శాతం ఎవరూ పట్టించుకోని అంచుల్లోనూ, 9 శాతం అలంకరణ మొక్కల మళ్లలోనూ ఉండగా, పచ్చికలో దొరికినవి కేవలం 2 శాతం. కనెక్టికట్‌లో పచ్చికలో దొరికిన నింఫ్‌లను విడిగా పరిశీలించినప్పుడు వాటిలో 82 శాతం పచ్చిక అంచుకు 9 అడుగుల లోపే ఉన్నట్టు తేలింది. అంటే పెరట్లో ప్రమాదం అంతటా ఒకేలా పరచుకుని ఉండదు. అది పెరటి చుట్టూ ఒక పట్టీలా ఉంటుంది.

ఎందుకలా అంటే కారణం తేమ. పిడుదు కీటకం కాదు, సాలీడు జాతికి చెందిన ఎనిమిది కాళ్ల జీవి. అది ఎగరదు, దూకదు, చెట్ల మీది నుంచి తలపైకి రాలదు. దాని చిన్న శరీరంలోని నీరు ఎండగాలికి ఇట్టే ఆవిరైపోతుంది కాబట్టి తేమ 80 శాతానికి మించి ఉండే ఆకుల పొరలోనే అది రోజులు గడపగలదు. ఆకలైనప్పుడు గడ్డిపోచ మీదకో చిన్న కొమ్మ చివరకో ఎక్కి, వెనక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు చాచి నిలబడుతుంది. ఆ ముందు కాళ్ల మీద ఉండే హాలర్ అవయవం, దగ్గరకు వచ్చే ప్రాణి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ, ఒంటి వేడినీ, వాసననూ పసిగడుతుంది. శరీరం ఎండిపోతున్నట్టు అనిపిస్తే మళ్లీ కిందికి దిగి ఆకుల్లో దూరుతుంది. ఎండ తగిలే పొట్టి పచ్చికలో దిగడానికి అలాంటి చోటే లేదు. నీడ, ఆకులు, పొద ఈ మూడూ కలిసే చోట అది నిశ్చింతగా ఉంటుంది.

శివారు కాలనీ అనే నిర్మాణమే అలాంటి అంచులను లెక్కలేనన్ని తయారు చేస్తుంది. ఈశాన్య రాష్ట్రాల్లో ఒకప్పుడు వ్యవసాయం కోసం నరికిన అడవి, పొలాలు వదిలేశాక తిరిగి పెరిగింది. ఆ పెరిగిన అడవిలోకి ఇళ్లు వెళ్లాయి. ప్రతి ఇంటి వెనక కొన్ని చెట్లు, పక్కింటికీ దీనికీ మధ్య ఒక పాత రాతిగోడ, దాని పొడవునా పొదలు. తుపాకీ పేల్చడానికి వీల్లేని ఈ ప్రాంతాల్లో వేటగాడి భయం లేక, తోటల్లో మేత దొరికి, తెల్లతోక జింకలు బాగా పెరిగాయి. 1975లో కనెక్టికట్‌లోని లైమ్, ఓల్డ్ లైమ్ పట్టణాల పరిసరాల్లో పిల్లలకు అంతుపట్టని కీళ్లవాపు వస్తోందని కొందరు తల్లులు అధికారుల దృష్టికి తీసుకెళ్లారు. ఆ ఊరి పేరే జబ్బుకు స్థిరపడింది. 1981లో విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల లోపల ఈ జబ్బుకు కారణమైన మెలికలు తిరిగిన సూక్ష్మజీవిని గుర్తించారు. దానికి ఆయన పేరు మీదుగా బొరీలియా బర్గ్‌డోర్ఫెరీ అని పేరు పెట్టారు. 2010 నుంచి 2018 వరకు ఉన్న బీమా రికార్డుల ఆధారంగా అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు వేసిన అంచనా ప్రకారం, ఏటా సుమారు 4,76,000 మంది లైమ్ వ్యాధికి చికిత్స పొందుతున్నారు.

ఈ జబ్బును అంటించే నల్లకాళ్ల పిడుదు జీవితచక్రం సుమారు రెండేళ్లు సాగుతుంది. ఆ రెండేళ్లలో అది మూడు సార్లు మాత్రమే రక్తం తాగుతుంది, ప్రతిసారీ వేరే జంతువు మీద. గుడ్డులోంచి ఆరు కాళ్లతో బయటపడే లార్వాలో లైమ్ సూక్ష్మజీవి ఉండదు. వేసవి చివర్లో అది సాధారణంగా తెల్లపాదాల ఎలుకను పట్టుకుంటుంది. ఆ ఎలుక సూక్ష్మజీవిని తనలో ఉంచుకుని, తాను పెద్దగా జబ్బుపడకుండానే, తన మీద వాలిన లార్వాల్లో ఎక్కువ భాగానికి అంటిస్తుంది. మరుసటి ఏడాది మే నుంచి జూలై దాకా అదే పిడుదు నింఫ్‌గా రెండో భోజనం కోసం ఎదురుచూస్తుంది. ఆ శరదృతువులో ఎదిగిన పిడుదుగా మారి మూడో భోజనానికి జింకను వెతుక్కుంటుంది. జింక రక్తం తాగిన ఆడ పిడుదు నేలకు రాలి, వసంతంలో సుమారు రెండు వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. జింక ఈ సూక్ష్మజీవిని పిడుదుకు అంటించదు. పిడుదుల సంతానాన్ని పోషించేది మాత్రం అదే. జబ్బును నింపేది ఎలుక, సంఖ్యను పెంచేది జింక. ఈ పని విభజన తెలియకపోతే నివారణ చర్చలన్నీ గందరగోళంగానే సాగుతాయి.

మనుషులకు ఎక్కువగా జబ్బు తెచ్చేది నింఫ్. ఎదిగిన పిడుదుల్లో సగం దాకా, నింఫ్‌లలో సుమారు నాలుగో వంతు సూక్ష్మజీవిని మోస్తాయి కాబట్టి ఒక్కొక్కటిగా చూస్తే పెద్దదే ప్రమాదకరం. కానీ పెద్దది కంటికి కనిపిస్తుంది, చర్మం మీద పాకుతుంటే తెలుస్తుంది, పైగా అది తిరిగే అక్టోబరు, నవంబరు నెలల్లో జనం నిండుగా బట్టలు వేసుకుంటారు. గసగసాల గింజంత నింఫ్ మోకాలి వెనక మడతలో రెండు రోజులున్నా తెలియకపోవచ్చు. అది తిరిగే నెలల్లోనే పిల్లలు పొట్టి నిక్కర్లతో ఆరుబయట ఉంటారు.

ఇక ఇంటి స్థాయిలో చేయగలిగిన పనుల్లోకి వస్తే, అంచును ఎండబెట్టడమే అన్నిటికీ మూలం. చెట్లకూ పచ్చికకూ మధ్య మూడు అడుగుల వెడల్పున చెక్కపొట్టు గానీ కంకర గానీ పరవడం, అంచున ఉన్న కొమ్మలు కత్తిరించి వెలుతురు పడనివ్వడం, పిల్లల ఊయలనూ ఇసుక గుంతనూ నీడ అంచున కాకుండా ఎండలోకి జరపడం, కట్టెల పేర్పునూ పక్షుల మేత పాత్రనూ ఇంటికి దూరంగా పెట్టడం. కింద రాలిన గింజల కోసం వచ్చే ఎలుకలే పిడుదులను మోసుకొస్తాయి కాబట్టి చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చెక్కపొట్టు పట్టీ పిడుదులను ఆపే గోడ కాదు. అది దాటడానికి ఇష్టపడని పొడి నేల మాత్రమే. మనుషులకు హద్దును గుర్తుచేయడమూ దాని ఉపయోగాల్లో ఒకటి. పట్టీ దాటి అడుగు పెడుతున్నామంటే తిరిగొచ్చాక ఒళ్లు చూసుకోవాలని అర్థం.

ఇదే అంచు దగ్గర ఎక్కువ ఇళ్లలో తెలియక జరిగే ఒక పొరపాటు ఉంది. శరదృతువులో పచ్చిక మీద రాలిన ఆకులను బ్లోయరుతో ఊది చెట్ల అంచున పోగుపెట్టడం అక్కడ పరిపాటి. పెరడు శుభ్రంగా కనిపిస్తుంది, ఆకులు అడవిలోకి వెళ్లాయని తృప్తి కలుగుతుంది. న్యూజెర్సీలో జరిపిన పరిశీలనలో అలా పోగుపడిన చోట మరుసటి కాలంలో నింఫ్‌లు సుమారు మూడింతలు ఎక్కువగా కనిపించాయి. మనుషులు ఎక్కువగా మసలే హద్దునే మెత్తని తేమ పరుపుగా మార్చి పిడుదులకు అప్పగించినట్టయింది. ఆకులను పూర్తిగా తీసేయాలి, లేదా ఎవరూ నడవని లోపలి భాగానికి తరలించాలి.

అలంకరణ కోసం తెచ్చి నాటిన జపాన్ బార్‌బెర్రీ పొద విషయమూ ఇలాంటిదే. ముళ్లు ఉండటంతో జింకలు దాన్ని తినవు, చుట్టూ ఉన్న మిగతా మొక్కలను తింటాయి. ఫలితంగా ఆ పొదే వ్యాపిస్తుంది. దాని కింద తేమ నిలుస్తుంది, ఎలుకలకు ముళ్ల రక్షణ దొరుకుతుంది. కనెక్టికట్‌లోని అడవుల్లో లెక్కించినప్పుడు బార్‌బెర్రీ ఉన్నచోట సూక్ష్మజీవి సోకిన పిడుదులు ఎకరాకు 120 దాకా ఉండగా, అది లేనిచోట 10 మాత్రమే ఉన్నాయి. కాలనీ హద్దులో ఈ పొద ఒక ఇంటి స్థలంలో ఉంటే దాని ఫలితం ఆ ఇంటికే పరిమితం కాదు. ఎలుకకు హద్దురాయి తెలియదు.

ఇక్కడిదాకా వచ్చాక సహజంగానే మందు చల్లే ప్రశ్న వస్తుంది. వసంతంలో ఒకసారి పెరటి అంచుల వెంట పురుగుమందు చల్లిస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. పిడుదుల లెక్క మాత్రమే చూస్తే ఆ నమ్మకం తప్పు కాదు. 2011, 2012 సంవత్సరాల్లో కనెక్టికట్, మేరీలాండ్, న్యూయార్క్ రాష్ట్రాల్లో 2,727 కుటుంబాలతో ఒక పరీక్ష జరిగింది. కొన్ని ఇళ్లలో బైఫెన్‌త్రిన్ అనే మందును, మిగతా ఇళ్లలో ఉత్త నీటిని చల్లారు. ఎవరి పెరట్లో ఏది చల్లారో ఇంటివారికి చెప్పలేదు. మందు చల్లిన పెరళ్లలో పిడుదులు 63 శాతం తగ్గాయి. కానీ ఆ ఇళ్లవారి ఒంటి మీద దొరికిన పిడుదుల సంఖ్య గానీ, వారికి వచ్చిన జబ్బులు గానీ నీళ్లు చల్లిన ఇళ్లవారితో పోలిస్తే తగ్గలేదు.

ఒక్కో ఇల్లు విడిగా చేయడం వల్లే అలా జరిగిందేమో, చుట్టుపక్కల ఇళ్లన్నీ కలిసి చేస్తే ఫలితం ఉండొచ్చుగా అన్న సందేహం న్యాయమైనదే. సరిగ్గా ఆ సందేహాన్ని తీర్చడానికే న్యూయార్క్‌లోని డచెస్ కౌంటీలో ఫెలీషియా కీసింగ్, రిచర్డ్ ఓస్ట్‌ఫెల్డ్ అనే శాస్త్రవేత్తల నాయకత్వంలో 'టిక్ ప్రాజెక్ట్' జరిగింది. 24 నివాస ప్రాంతాలను ఎంచుకుని, పాల్గొనడానికి ఒప్పుకున్న ఇళ్లలో రెండు పద్ధతులు ప్రయోగించారు. ఒకటి పిడుదులను చంపే శిలీంధ్రాన్ని పిచికారీ చేయడం, రెండోది ఎలుకలు లోపలికి వచ్చి పోయేటప్పుడు వాటి ఒంటికి ఫిప్రోనిల్ అనే పిడుదులను చంపే మందు అంటుకునే ఎర పెట్టెలు పెట్టడం. కొన్ని ప్రాంతాల్లో రెండూ అసలువి, కొన్నిట్లో ఒకటి అసలు ఒకటి ఉత్తది, కొన్నిట్లో రెండూ ఉత్తవి. ఏళ్లపాటు ఓపిగ్గా సాగిన ఈ ప్రయోగం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. పిడుదులు సుమారు సగానికి తగ్గాయి. మనుషుల్లో జబ్బులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఆరుబయట తిరిగే పెంపుడు జంతువుల్లో మాత్రం పిడుదుల వల్ల వచ్చే జబ్బులు తగ్గాయి.

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి. పెంపుడు కుక్క లోకమంతా ఎక్కువగా ఆ పెరడే. పెరట్లో తగ్గితే దానికి తగ్గుతుంది. మనిషి మాత్రం పిల్లల ఆటస్థలానికి వెళ్తాడు, నడకదారి వెంట పొదలను రాసుకుంటూ పోతాడు, ఇంకొకరి తోటలో పనిచేస్తాడు. కాబట్టి అతన్ని కుట్టిన పిడుదు అతని పెరటిది కాకపోవచ్చు. మరో అవకాశం కూడా ఉంది: పదింటిలో ఐదు మిగిలినా అవి ఉండేది సరిగ్గా మనుషులు తగిలే అంచునే అయితే, కుట్టే అవకాశం సగానికి తగ్గదు. రెంటిలో ఏది నిజమైనా, మందు చల్లే సంస్థలు తమ గొప్పగా చూపించే 'ఇన్ని శాతం పిడుదులు తగ్గాయి' అన్న అంకె, కాలనీవాసులకు నిజంగా కావలసిన ప్రశ్నకు జవాబు కాదు. మందు చల్లించవద్దని దీని అర్థం కాదు. చల్లించాం కాబట్టి ఇక ఒళ్లు చూసుకోనక్కర్లేదు అనుకుంటే మాత్రం నష్టమే. పైగా బైఫెన్‌త్రిన్ లాంటి మందులు తేనెటీగలకూ, కాలువలో పడితే చేపలకూ హాని చేస్తాయి.

సామూహిక ప్రయత్నం ఎప్పుడూ ఫలించదని కూడా అనలేం. అరిజోనాలోని కొన్ని ఆదివాసీ ప్రాంతాల్లో 2003 నుంచి ప్రాణాంతకమైన రాకీ మౌంటెన్ మచ్చల జ్వరం ప్రబలింది. అక్కడ దాన్ని వ్యాప్తి చేసేది నల్లకాళ్ల పిడుదు కాదు, గోధుమరంగు కుక్క పిడుదు. 2012లో ఒక ప్రాంతంలో కొన్ని వందల ఇళ్లలో కుక్కలన్నిటికీ మందు పట్టీలు కట్టి, ఇళ్ల చుట్టూ మందు చల్లి, కుక్కలు వీధుల వెంట తిరగకుండా చూశారు. ఆ కాలం ముగిసేసరికి ఆ ప్రాంతంలో ఒంటి మీద పిడుదులు కనిపించిన కుక్కలు 1 శాతం లోపే ఉండగా, కార్యక్రమం జరగని చుట్టుపక్కల ప్రాంతాల్లో 64 శాతం కుక్కల మీద అవి కనిపించాయి. తేడా ఎక్కడుందో స్పష్టమే. కుక్క పిడుదు బతుకంతా కుక్క మీద, ఇంటి గోడల సందుల్లో గడుస్తుంది. మెడకు పట్టీ కట్టగలిగిన జంతువు చుట్టూ తిరిగే పిడుదును అదుపు చేయవచ్చు. ఎలుకకూ జింకకూ పట్టీ కట్టేదెవరు?

అయినా జింక విషయంలో శివారు కాలనీకి ఒక ఉదాహరణ ఉంది. కనెక్టికట్‌లోని మమ్‌ఫోర్డ్ కోవ్ అనే నివాస ప్రాంతంలో జింకల సంఖ్య విపరీతంగా పెరిగినప్పుడు అక్కడివారు నియంత్రిత వేటకు ఒప్పుకున్నారు. జింకల సాంద్రతను చదరపు కిలోమీటరుకు సుమారు ఐదుకు తగ్గించి అలాగే నిలబెట్టాక, పిడుదులు 76 శాతం, అక్కడివారు చెప్పిన లైమ్ కేసులు 80 శాతం తగ్గాయి. మెయిన్ రాష్ట్ర తీరాన ఉన్న మోన్‌హెగన్ ద్వీపంలో 1990ల చివర జింకలను పూర్తిగా తొలగించాక కొన్నేళ్లలో పిడుదులు బాగా పడిపోయాయి. ఈ రెండూ జింకలు బయటి నుంచి సులువుగా వచ్చి చేరలేని చోట్లన్నది గుర్తుంచుకోవాలి. ఒకటి ద్వీపం, ఇంకొకటి నీటి అంచున ఉన్న చిన్న ప్రాంతం. నాలుగువైపులా అడవి ఉన్న కాలనీలో ఈ ఏడు తీసేసిన జింకల స్థానంలోకి వచ్చే ఏడు వేరేవి వస్తాయి. జింకలను కొద్దిగా తగ్గిస్తే కూడా చాలదు, ఎందుకంటే మిగిలినవాటి ఒంటి మీదే ఎక్కువ పిడుదులు చేరతాయి. పైగా ఇది శాస్త్రానికి మించి సంఘం తేల్చుకోవలసిన విషయం. ఒకే వీధిలో జింక పిల్లకు మేత పెట్టే ఇల్లూ, లైమ్ వ్యాధితో నెలలపాటు మంచం పట్టిన మనిషి ఉన్న ఇల్లూ పక్కపక్కనే ఉంటాయి. వేటకు ఒప్పందం కుదరని చోట ఎనిమిది అడుగుల కంచె వేసుకోవడం, జింకలకు ఇష్టం లేని మొక్కలు నాటడం ఆ ఇంటి మటుకు ఉపయోగపడతాయి.

వీటికంటే సులువైన పరిష్కారాలు ఉన్నాయనే ప్రచారానికీ కొదవలేదు. అపోసమ్ అనే చిన్న సంచిజంతువు ఒక్కొక్కటీ కాలానికి ఐదు వేల పిడుదులను తినేస్తుందన్న మాట కొన్నేళ్లుగా బాగా చలామణీలో ఉంది. అది ప్రయోగశాలలో బోనులో ఉంచిన కొన్ని జంతువుల మీద జరిగిన పరిశీలన నుంచి వేసిన లెక్క. 2021లో అడవిలో బతికిన 32 అపోసమ్‌ల కడుపులు పరిశీలించినప్పుడు ఒక్క పిడుదు కూడా దొరకలేదు. గినీకోళ్లు పెంచితే పచ్చిక మీద పెద్ద పిడుదులను కొంత ఏరుకుని తింటాయి, కానీ అసలు భయపెట్టే నింఫ్‌ల మీద వాటి ప్రభావం అంతంతమాత్రమే.

ఇలా ఒక్కొక్కటీ వడకట్టగా మిగిలేది మనిషి ఒళ్లు. ఇది వినడానికి కాస్త నిరాశగానే ఉంటుంది, ఎందుకంటే ఎవరినైనా పిలిపించి చేయించగలిగిన పని కాదు. రోజూ ఎవరికి వారు చేసుకోవలసింది. బయటికి వెళ్లేటప్పుడు లేతరంగు ప్యాంటు, దాని అంచులను మేజోళ్లలోకి దోపడం, పిడుదులను దూరం పెట్టే డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న మందు చర్మానికి రాసుకోవడం. 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుమందును బూట్ల మీద, మేజోళ్ల మీద చల్లి ఆరనిస్తే వాటిమీద ఎక్కిన పిడుదు తడబడి రాలిపోతుంది. ఇది బట్టలకే గానీ చర్మానికి కాదు. తడిగా ఉన్నప్పుడు పిల్లులకు ఇది విషం కాబట్టి పిల్లి ఉన్న ఇంట్లో వేరే గదిలో ఆరబెట్టాలి. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ చుక్కల మందును పిల్లికి ఎన్నడూ వేయకూడదు.

ఇంటికి తిరిగి వచ్చాక చేసే పనిలో వరసను చాలామంది తప్పుగా పెట్టుకుంటారు. బట్టలను ముందు వాషింగ్ మెషీన్‌లో వేసి తర్వాత ఆరబెడతారు. చల్లటి నీళ్లలో, గోరువెచ్చటి నీళ్లలో పిడుదు చావదు. పొడి వేడికి మాత్రం త్వరగా ఎండి చచ్చిపోతుంది. కాబట్టి పొడి బట్టలను ముందుగా డ్రయ్యర్‌లో పది నిమిషాలు ఎక్కువ వేడిలో తిప్పి, ఆ తర్వాత ఉతకడమే తెలివైన పద్ధతి. రెండు గంటల్లోపు స్నానం చేస్తే ఇంకా అతుక్కోనివి కొట్టుకుపోతాయి. అంతకు మించి, ఒళ్లంతా చూసుకునే అవకాశం దొరుకుతుంది. చంకలు, బొడ్డు, నడుము చుట్టూ, తొడల మధ్య, మోకాళ్ల వెనక, చెవుల లోపలా వెనకా, జుట్టు మొదళ్లు చూడాలి. చూపు కంటే వేలికొస నమ్మకమైనది. నిన్న లేని చిన్న గరుకు ఒకటి తగిలితే అక్కడ దీపం పెట్టి చూడాలి.

అతుక్కున్న పిడుదును తీయడం చూడటానికి చిన్న పనే అయినా ఎక్కువ మంది పాడుచేసేది ఇదే. పిడుదు నోటిభాగం ముళ్లున్న చిన్న రంపంలా ఉంటుంది, పైగా అది సిమెంటు లాంటి ద్రవాన్ని విడిచి చర్మానికి గట్టిగా అతుక్కుంటుంది. సన్నని కొసలున్న పట్టకారును చర్మానికి ఆనించి, ఉబ్బిన పొట్టను కాకుండా తల భాగాన్ని పట్టుకుని, మెలిపెట్టకుండా, కుదుపు లేకుండా నిటారుగా పైకి లాగాలి. చర్మం గుడారంలా కొద్దిగా పైకి లేస్తుంది, ఆ బిగువును అలాగే ఉంచితే కాసేపటికి పట్టు వదులుతుంది. నోటిభాగం లోపల మిగిలిపోతే, సులువుగా రాకుంటే, తవ్వకుండా వదిలేయడమే మంచిది. వ్యాజలిన్ రాయడం, గోళ్ల రంగు పూయడం, కాల్చిన అగ్గిపుల్ల ఆనించడం వంటివి పిడుదును చికాకుపెట్టి దాని ఉమ్మి లోపలికి చేరడానికే దోహదం చేస్తాయి. తీశాక ఆ చోటును సబ్బుతో గానీ ఆల్కహాల్‌తో గానీ కడిగి, పిడుదును పారదర్శకమైన టేపు మధ్య అతికించి తేదీ రాసి ఉంచుకుంటే, తర్వాత వైద్యుడికి అది చాలా ఉపయోగపడుతుంది.

తొందర ఎందుకంటే, లైమ్ సూక్ష్మజీవి పిడుదు పొట్టలోంచి ఉమ్మిలోకి చేరడానికి సమయం పడుతుంది. సాధారణంగా 24 గంటలకు మించి అతుక్కుని ఉంటేనే అది మనిషికి అంటుతుంది. రోజూ ఒళ్లు చూసుకోవడం అన్న సలహా నిలబడి ఉన్నది ఈ వ్యవధి మీదే. లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో, 36 గంటలకు మించి అతుక్కుని ఉబ్బిన నల్లకాళ్ల పిడుదును తీసిన 72 గంటల్లోపు, వైద్యుడి సలహాతో 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఒక్క మోతాదు వేసుకోవచ్చు. మూడు నుంచి ముప్ఫై రోజుల్లోగా కుట్టిన చోట పాకుతూ పెద్దదయ్యే ఎర్రటి దద్దురు వస్తే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి, ఎందుకంటే తొలి రోజుల్లో రక్తపరీక్షకు జబ్బు దొరకకపోవచ్చు. దద్దురు అందరికీ రాదు. వేసవిలో దగ్గు, జలుబు లేకుండా జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే పిడుదును తలచుకోవాలి. ఒక మినహాయింపు ఉంది. అరుదుగా వచ్చే పొవాసాన్ వైరస్ పావుగంటలోనే అంటగలదు, కాబట్టి గంటల లెక్క చూసుకుని ధీమాగా ఉండలేం.

దక్షిణం నుంచి ఉత్తరానికి విస్తరిస్తున్న ఒంటి నక్షత్రపు పిడుదు ఈ లెక్కల్లో కొన్నిటిని మారుస్తోంది. ఆడదాని వీపు మీద తెల్లటి చుక్క ఉండటం వల్ల దానికి ఆ పేరు. ఇది గడ్డిపోచ మీద కూర్చుని ఎదురుచూడటంతో సరిపెట్టుకోదు, ఊపిరి వాసన పట్టి నేల మీద మనిషి వైపు నడిచి వస్తుంది. పొడి నేలను కూడా ఎక్కువగా తట్టుకుంటుంది కాబట్టి మూడు అడుగుల చెక్కపొట్టు పట్టీ దీన్ని పెద్దగా ఆపదు. ఇది లైమ్‌ను అంటించదు, కానీ దీని కాటు కొందరిలో క్షీరదాల మాంసంలో ఉండే ఆల్ఫా-గాల్ అనే చక్కెర పట్ల అలర్జీ పుట్టిస్తుంది. అలాంటి మాంసం తిన్న కొన్ని గంటల తర్వాత, అర్ధరాత్రి ఒళ్లంతా దద్దుర్లతో మెలకువ వచ్చేదాకా వారికి ఆ సంగతి తెలియదు.

కాలనీ సంఘం దగ్గర డబ్బు కొద్దిగానే ఉన్నప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు పై సాక్ష్యాలు ఒక దారి చూపిస్తాయి. ప్రతి పెరటికీ మందు చల్లించడం కంటే, అందరూ కలిసి నడిచే చోట్ల, అంటే ఆటస్థలం చుట్టూ, బస్సు ఆగే చోట, నడకదారికి ఇరువైపులా పొదలు తీసి గడ్డి పొట్టిగా ఉంచడం మేలు. ఎవరికి, ఏ నెలలో, ఎక్కడ తిరిగాక, ఏ దశలో ఉన్న పిడుదు దొరికిందో ఒక పుస్తకంలో రాసిపెడితే రెండు కాలాలు తిరిగేసరికి ఆ కాలనీకి తన సొంత పటం తయారవుతుంది. ఇంకెవరి అంకెలూ దానికి సాటిరావు. మే నెలలో ఒకసారి తెల్లగుడ్డ ఈడ్చి చూడటానికి శాస్త్రవేత్తే అక్కర్లేదు, చేతికి తొడుగులు, కాస్త ఓపిక ఉంటే చాలు. ఆ లెక్క మారాలంటే మాత్రం అంతకు ముందు నవంబరులోనే, బ్లోయర్లు బయటికి తీయకముందే, ఈ ఆకులన్నీ ఎవరి హద్దులో పోగుపడబోతున్నాయో ఇరుగుపొరుగు కూర్చుని మాట్లాడుకోవాలి.